2⁶⁷ − 1 : ఒక సంఖ్య చరిత్ర

చదరంగపు పలకమీద గింజల కథ వినని విద్యార్థి ఉండడు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లా రెట్టింపు చేసుకొంటూ పోతే 64 గడులకు కావలసిన ధాన్యం రాజుగారి గాదెల్లో కాదు గదా, రాజ్యాలన్నీ వెదకినా దొరకదు. ఆ గింజల మొత్తం 2⁶⁴ − 1. పలకకు మరి మూడు గడులు చేర్చితే మొత్తం 2⁶⁷ − 1 అవుతుంది. దానిని అంకెలలో వ్రాస్తే ఇట్లా ఉంటుంది:

14,75,73,95,25,89,67,64,12,927

ఇరవై ఒక్క అంకెలు. మన పద్ధతిలో చదివితే 14 లక్షల 75 వేల 739 కోటి కోట్ల పైచిలుకు. ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్ద సంఖ్యలు ఖగోళ శాస్త్రంలో ప్రతి పుటలోను కనిపిస్తాయి. కాబట్టి ఈ సంఖ్యకు గణిత చరిత్రలో స్థానం దొరికింది దాని పరిమాణం వలన కాదు. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో ఒక పండితుడు ప్రకటించాడు. కాదని 1876లో మరొకరు నిరూపించారు. ఐతే ఆ నిరూపణ వచ్చిన తరువాత కూడ 27 సంవత్సరాలపాటు ఇది ఒక వింత స్థితిలో ఉండిపోయింది. దీనిని నిశ్శేషంగా భాగించే చిన్న సంఖ్యలు ఉన్నవని అందరికీ తెలుసు. అవి ఏవో ఎవరికీ తెలియదు.

ఇటువంటి సంఖ్యలమీద మక్కువ గ్రీకుల కాలంనాటిది. 6ను భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. వాటిని కలిపితే మళ్ళీ 6. అట్లాగే 28 భాజకాలైన 1, 2, 4, 7, 14 కలిపితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలు అన్నారు. యూక్లిడ్ తన రేఖాగణిత గ్రంథం తొమ్మిదవ భాగం చివరి సిద్ధాంతంలో వీటిని తయారుచేసే ఉపాయం చెప్పాడు. 2ను కొన్నిసార్లు గుణించి 1 తీసివేయగా ప్రధాన సంఖ్య వస్తే, దానిని అంతకు ముందున్న 2 యొక్క ఘాతంతో గుణించాలి. 3 × 2 = 6; 7 × 4 = 28; 31 × 16 = 496; 127 × 64 = 8128. పరిపూర్ణ సంఖ్య కావాలంటే ముందు 2 యొక్క ఏ ఘాతంలోంచి 1 తీసివేస్తే ప్రధాన సంఖ్య మిగులుతుందో తెలియాలి. అసలు చిక్కంతా అక్కడే ఉన్నది.

ఘాతాంకం సంయుక్త సంఖ్య ఐతే ప్రశ్నే లేదు. ఈ సంఖ్యలను 0, 1 అనే రెండు అంకెలతోనే వ్రాసే పద్ధతిలో వ్రాసి చూస్తే ఇది కంటికే తెలుస్తుంది. 2⁶ − 1, అంటే 63, ఆ పద్ధతిలో 111111. ఈ ఆరు ఒకట్లను రెండేసిగా విడదీయవచ్చు, మూడేసిగాను విడదీయవచ్చు. అందుచేత 63ను 11 (అంటే 3), 111 (అంటే 7) రెండూ భాగిస్తాయి. 2⁶⁷ − 1 ఆ పద్ధతిలో వరుసగా 67 ఒకట్లు. 67 ప్రధాన సంఖ్య కాబట్టి ఆ వరుసను సమానమైన గుంపులుగా విడగొట్టడం సాధ్యం కాదు. ఈ సులువైన దారిన దానికి కారణాంకాలు దొరకవు. అంతమాత్రాన అది ప్రధాన సంఖ్య అని తేలదు. 11 కూడ ప్రధాన సంఖ్యే; కాని 2¹¹ − 1 = 2047 = 23 × 89 అని 1536లో రీజియస్ చూపాడు.

మారిన్ మెర్సెన్ పారిస్ నగరంలోని ఒక మఠంలో నివసించిన సన్యాసి. 1588లో పుట్టి 1648లో చనిపోయాడు. శాస్త్ర పత్రికలు ఇంకా పుట్టని ఆ రోజులలో యూరపులోని పండితుల నడుమ ఉత్తరాలు నడిపినవాడు ఆయనే. ఫెర్మా, డెకార్ట్ వంటివారి ఫలితాలు ఆయన చేతిమీదుగా లోకానికి తెలిసేవి. 1644లో వెలువడిన తన గ్రంథపు పీఠికలో ఆయన ఒక పట్టిక ఇచ్చాడు. ఘాతాంకం 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 ఐనప్పుడు ప్రధాన సంఖ్యలు వస్తాయని, 257 లోపల మరి వేటికీ రావని ఆ పట్టిక అర్థం.

మొదటి ఏడింటికి ఆధారం ఉన్నది. 17, 19లను 1588లోనే ఇటలీ దేశస్థుడు కటాల్డి భాగహారాలు చేసి తేల్చాడు. కటాల్డి 23, 29, 31, 37లను కూడ చేర్చాడు గాని, 1640లో ఫెర్మా 23, 37లను కొట్టివేశాడు. తరువాత ఆయిలర్ 29ని కొట్టివేసి, 1772లో 31 మాత్రం నిజమని నిరూపించాడు. మరి 67, 127, 257? పదిహేను ఇరవై అంకెల సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడానికి కాలమంతా చాలదని అదే గ్రంథంలో మెర్సెనే వ్రాసుకొన్నాడు. లెక్క చేయకుండానే పట్టిక వ్రాశాడని దీనివల్లనే స్పష్టం. ఐనా వ్రాసినవాడు గొప్పవాడు, కాదనడానికి ఆధారం లేదు. కాబట్టి ఆ పట్టిక రెండు శతాబ్దాలపాటు పుస్తకాలలో నిలిచిపోయింది.

ఆధారం ఎందుకు లేదో చూడడానికి ఒక చిన్న లెక్క చాలు. ఒక సంఖ్య ప్రధానమని తేల్చాలంటే దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలని పాఠశాలలో చెబుతారు. 2⁶⁷ − 1 యొక్క వర్గమూలం 1214 కోట్లు దాటుతుంది. ఈ భారాన్ని తగ్గించే సూత్రం ఒకటి ఫెర్మా ఇచ్చాడు. ఒక ప్రధాన సంఖ్య 2⁶⁷ − 1ను భాగిస్తున్నదనుకోండి. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం, 2ను ఆ ప్రధాన సంఖ్యకంటె ఒకటి తక్కువసార్లు గుణించి 1 తీసివేసినా అది భాగిస్తుంది. ఈ రెండు ఘాతాంకాలకు ఉమ్మడి భాజకం 1 మాత్రమే ఐతే ఆ ప్రధాన సంఖ్య 2 − 1ని, అంటే 1ని, భాగించవలసి వస్తుంది. అది అసంభవం. కాబట్టి ఉమ్మడి భాజకం 67 కావలసిందే. అనగా భాజకంలోంచి 1 తీసివేస్తే మిగిలేది 67కు గుణిజం. అది సరిసంఖ్య కూడ కనుక 134కు గుణిజం. మొత్తంమీద 2⁶⁷ − 1ను భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 134 × క + 1 రూపంలోనే ఉంటుంది. క అంటే ఏదో ఒక పూర్ణాంకం.

ఇంకొక నియమం వలన ఆ భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. ఈ రెండిటినీ కలిపితే క విలువ 4కు గుణిజం కావాలి, లేదా 4తో భాగించినపుడు 1 శేషం రావాలి. విద్యార్థులు దీనిని చేసి చూడవచ్చు. క = 1 ఐతే 135, 4 ఐతే 537, 5 ఐతే 671, 8 ఐతే 1073, 9 ఐతే 1207. ఇవేవీ ప్రధాన సంఖ్యలు కావు. క = 12 ఐనపుడు వచ్చే 1609 మొదటి నిజమైన అభ్యర్థి. దానికంటె చిన్న ప్రధాన సంఖ్య ఏదీ ఈ ఇరవై ఒక్క అంకెల సంఖ్యను భాగించలేదని ఒక్క భాగహారం కూడ చేయకుండానే తేలిపోయింది!

ఇంత జల్లెడ పట్టినా వర్గమూలం వరకు మిగిలే అభ్యర్థులు సుమారు నాలుగున్నర కోట్లు. ఒక్కొక్క భాగహారానికి ఐదు నిమిషాలు చొప్పున, రాత్రింబవళ్ళు ఆపకుండా చేసినా దాదాపు 430 సంవత్సరాలు పడుతుంది.

ఈ గోడను పక్కనుంచి దాటినవాడు ఎడువార్ లూకా. 1842లో ఫ్రాన్సులో పుట్టి, పారిస్ ఉన్నత పాఠశాలలలో గణితం బోధించిన ఉపాధ్యాయుడు. మూడు కడ్డీల నడుమ బిళ్ళలు మార్చే 'హనోయ్ బురుజు' ఆటను లోకానికి ఇచ్చింది కూడ ఈయనే. చిత్రమేమిటంటే, ఆ ఆటలో 67 బిళ్ళలు ఉంటే వాటన్నిటినీ ఒక కడ్డీనుంచి మరొక కడ్డీకి మార్చడానికి సరిగా 2⁶⁷ − 1 ఎత్తులు కావాలి. 1876లో ఆయన భాగహారాల జోలికి పోకుండా, ఈ జాతి సంఖ్యలు ప్రధానాలా కాదా అని తేల్చే పరీక్ష ఒకటి కనిపెట్టాడు. ఆ పరీక్షను 1930లో అమెరికా గణితవేత్త లేమర్ సరళం చేసిన రూపం తరగతిలో చెప్పగలిగినంత సులువైనది.

4తో మొదలు పెట్టాలి. దానిని వర్గం చేసి 2 తీసివేయాలి. వచ్చినదానిని పరీక్షించదలచిన సంఖ్యతో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవాలి. మళ్ళీ వర్గం, మళ్ళీ 2 తీసివేత, మళ్ళీ శేషం. ఘాతాంకంకంటె రెండు తక్కువ సార్లు ఇట్లా చేసేసరికి శేషం సున్న వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 2⁵ − 1 = 31తో చూడండి: 4, 14, 8, 0. మూడవ మెట్టులో సున్న వచ్చింది, 31 ప్రధాన సంఖ్య. 2047తో చూడండి: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. తొమ్మిదవ మెట్టులో సున్న రాలేదు. 2047 ప్రధానం కాదు.

2⁶⁷ − 1కు మెట్లు 65 మాత్రమే. ఒక్కొక్క మెట్టులో ఇరవై అంకెల సంఖ్యను వర్గం చేసి భాగించాలి. శ్రమే, కాని మనిషి ఆయుర్దాయంలో అయ్యే శ్రమ. తన పద్ధతితో లూకా 127వ ఘాతం విషయంలో మెర్సెన్ చెప్పినది నిజమేనని నిరూపించాడు. 39 అంకెల ఆ సంఖ్య 75 సంవత్సరాలపాటు, అంటే 1951 వరకు, మనకు తెలిసిన ప్రధాన సంఖ్యలలోకెల్లా పెద్దదిగా నిలిచింది. 67 విషయంలో మాత్రం మెర్సెన్ పొరపడ్డాడని తేలింది. 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్య.

పైన 2047కు వచ్చిన శేషాలను మరొకసారి చూడండి. వాటిలో 23 గాని 89 గాని ఎక్కడా లేవు. పరీక్ష 2047 ప్రధాన సంఖ్య కాదన్నది, అంతే. ఇంకా చిన్న ఉదాహరణ కావాలంటే, 15 ప్రధాన సంఖ్య ఐతే ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2¹⁴ను 15తో భాగించినపుడు 1 శేషం రావాలి. 2¹⁴ = 16384; శేషం 4 వస్తున్నది. కాబట్టి 15 ప్రధాన సంఖ్య కాదు. ఈ వాదంలో 3, 5ల ప్రసక్తే రాలేదు! ప్రధాన సంఖ్యకు ఉండవలసిన లక్షణం లేదని చూపడం ఒక పని, దానిని విడగొట్టడం వేరొక పని. ఊళ్ళో దొంగతనం జరిగిందని పంచాయతీలో రుజువైనంత మాత్రాన దొంగ పేరు బయటపడదు గదా. ఈ రెండు పనుల నడుమ ఎంత దూరం ఉన్నదో లోకానికి మొదట స్పష్టంగా చూపిన సంఖ్యలలో 2⁶⁷ − 1 ఒకటి.

ఆ దూరాన్ని దాటినవాడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1861లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అమెరికన్ గణిత సంఘానికి 1896 నుండి 1920 వరకు కార్యదర్శి. 1903 అక్టోబరులో న్యూయార్కులో జరిగిన ఆ సంఘ సమావేశంలో 'పెద్ద సంఖ్యల కారణాంకాలను గూర్చి' ఆయన ఒక పత్రం సమర్పించాడు.

ఆ రోజు జరిగినదని గణితవేత్త బెల్ చెప్పిన కథ ప్రసిద్ధమైనది. కోల్ మాట్లాడకుండా నల్లబల్ల దగ్గరికి నడిచి, 2ను 67వ ఘాతానికి హెచ్చించి, 1 తీసివేశాడట. తరువాత బల్లపై ఖాళీగా ఉన్న మరొక వైపుకు జరిగి ఈ రెండు సంఖ్యలను వ్రాశాడట:

19,37,07,721 × 7,61,83,82,57,287

మామూలుగా బడిలో చేసే పద్ధతిలోనే గుణకారం చేశాడు. రెండు జవాబులు అంకె అంకెకు సరిపోయాయి. ఒక్క మాట కూడ అనకుండా వెళ్ళి తన స్థానంలో కూర్చొన్నాడు. సభ చప్పట్లతో మారుమ్రోగింది. ఎవరూ ఒక్క ప్రశ్న కూడ అడగలేదు. ఈ లెక్కకు ఎంతకాలం పట్టిందని 1911లో తాను అడిగితే, మూడు సంవత్సరాల ఆదివారాలు అని కోల్ సమాధానం చెప్పినట్లు బెల్ వ్రాశాడు. బెల్ ఆ సభలో లేడు. అప్పటికి ఆయన కాలిఫోర్నియాలో విద్యార్థి. కథకు కాస్త మెరుగు పెట్టడం ఆయనకు అలవాటే కాబట్టి, మౌనం సంగతి చదివేవారు కొంత తగ్గించుకొని చదవవచ్చు. గుణకారం సంగతిలో మాత్రం తగ్గించవలసినది ఏమీ లేదు.

దానిని ఏ తరగతిలోనైనా సరిచూడవచ్చు. చిన్న సంఖ్యలో తొమ్మిది అంకెలు, వాటిలో ఒకటి సున్న. కాబట్టి వ్రాయవలసిన వరుసలు ఎనిమిదే. ఆ ఎనిమిదిలో 7తో గుణించే వరుస మూడుసార్లు వస్తుంది, 1తో గుణించేది రెండుసార్లు వస్తుంది. నిజంగా చేయవలసిన గుణకారాలు 2, 3, 7, 9లతో నాలుగు మాత్రమే. అంత ఓపిక లేనివారు అంకెల మొత్తాలతో సరిచూసే పాత పద్ధతి వాడవచ్చు. మొదటి సంఖ్యలోని అంకెల మొత్తం 37, చివరికి 1. రెండవదానిలో 64, చివరికి 1. ఇరవై ఒక్క అంకెల సంఖ్యలో 109, చివరికి 1. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే. పైన చెప్పిన రూపం సంగతి కూడ చూడవచ్చు: మొదటి కారణాంకానికి క = 14,45,580, ఇది 4కు గుణిజం. రెండవదానికి క = 5,68,53,60,129, దీనిని 4తో భాగిస్తే శేషం 1. అనుమతించిన రెండు దారులలో ఒక్కొక్కటి ఒక్కొక్క దారిన వచ్చింది.

మరి కోల్ వీటిని ఎట్లా పట్టుకొన్నాడు? వరుసగా భాగిస్తూ పోయినవాడు 19 కోట్ల చిల్లర దగ్గర ఉన్న మొదటి కారణాంకాన్ని చేరేసరికి 7,22,790 అభ్యర్థులను పరీక్షించాలి. 3, 5, 7ల గుణిజాలను తీసివేసినా మూడు లక్షలకు పైగా మిగులుతాయి. మూడేండ్లలో ఆదివారాలు 156. రోజుకు పది గంటలు కూర్చొన్నా, ఒక్కొక్కదానికి ఐదు నిమిషాల చొప్పున 18,720 భాగహారాలకంటె కావు. కాబట్టి ఆదివారాల ఓపిక ఒక్కటే చాలదు.

కోల్ సాధనం వర్గావశేషాలు. ఒక వర్గ సంఖ్యను మన పెద్ద సంఖ్యతో భాగించినపుడు ఏదైనా చిన్న శేషం మిగిలితే, ఆ శేషం దాని ప్రతి కారణాంకం విషయంలోను అదే గుణాన్ని నిలుపుకొంటుంది. ఒక చిన్న సంఖ్యకు ఈ గుణం ఉండే ప్రధాన సంఖ్యలు మొత్తంలో సుమారు సగమే. అంటే అటువంటి శేషం ఒక్కటి దొరికితే అభ్యర్థులలో సగం మంది రాలిపోతారు. 8తో భాగించినపుడు 1, 7 శేషాల నియమం నిజానికి 2 అనే శేషం ఇచ్చిన జల్లెడే. పది వేర్వేరు శేషాలు దొరికితే వెయ్యిమందిలో ఒక్కడు మాత్రమే మిగులుతాడు. అటువంటి చిన్న శేషాలను వెదకి కూడబెట్టడం, ఆ షరతులన్నిటికీ ఒకేసారి లొంగేవాటిని ఏరడం—ఆ ఆదివారాలు ఖర్చయినది ఇందుకే. నల్లబల్లమీద కొన్ని నిమిషాలలో ముగిసిన గుణకారంలో ఈ పనికి ఒక్క ఆనవాలు కూడ కనిపించదు.

మెర్సెన్ పట్టిక తరువాత కూడ దెబ్బలు తిన్నది. 1883లో ఉరల్ ప్రాంతపు రష్యన్ మతాచార్యుడు పెర్వుషిన్ 61వ ఘాతం ప్రధాన సంఖ్యను ఇస్తుందని చూపాడు. పట్టికలో 61 లేదు. అచ్చు తప్పువలన 61 కాస్తా 67 ఐపోయిందని మెర్సెన్ అభిమానులు కొందరు సర్దిచెప్పారు. ఆ సర్దుబాటు ఎక్కువ కాలం నిలవలేదు. 1911లో 89, 1914లో 107 కూడ ప్రధాన సంఖ్యలనే ఇస్తాయని పవర్స్ చూపాడు. 1922లో క్రైచిక్ 257ను తొలగించాడు. 1947 నాటికి 257 వరకు ఉన్న ఘాతాంకాలన్నిటి పరీక్ష పూర్తయినది. మెర్సెన్ చేసిన తప్పులు ఐదు: 67, 257 ఉండకూడనివి, 61, 89, 107 ఉండవలసినవి. ఐనా ఈ జాతి సంఖ్యలను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. 2024 అక్టోబరులో దొరికిన, 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్య కూడ మెర్సెన్ సంఖ్యే. అందులో ఘాతాంకం 13,62,79,841.

కోల్ మూడేండ్లు పట్టిన పనిని ఇప్పటి కంప్యూటరు రెప్పపాటులో చేస్తుంది. కాని ప్రధానమా కాదా అని తేల్చడానికి, కారణాంకాలు వెదకడానికి నడుమ ఉన్న దూరం కంప్యూటర్లవల్ల చెరిగిపోలేదు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ అనే ముగ్గురు ఆ దూరాన్నే ఆధారం చేసుకొని రహస్య లిపిని నిర్మించారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను ఎన్నుకొని గుణించడం తేలిక. ఆ లబ్ధం మాత్రమే చూసినవాడు వెనుకకు పోలేడు.

2⁶⁷ − 1 ఒకప్పుడు ఉన్న స్థితిలోనే నేడు 2¹²⁷⁷ − 1 ఉన్నది. దానిలో 385 అంకెలు. లూకా పరీక్షలో దానికి చివరి శేషం సున్న రాలేదు. అది ప్రధాన సంఖ్య కాదని ఎన్నో ఏండ్లుగా తెలుసు. దానిని భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 2554 × క + 1 రూపంలో ఉండాలని కూడ తెలుసు. ఆ కారణాంకాలలో ఒక్కటి కూడ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.